అతుకు

ఫోనెత్తంగనే అందరిదీ ఒకటే మాట:
"అన్నా, ఎర్రలైటు కొట్టుకుంటున్నది."
నేనడిగేదీ ఒకటే.
పెట్టె బందుపెట్టి మళ్ల ఏసి చూసిన్రా,
వైరు ఎవరన్న గుంజిన్రా.
ఎవ్వరూ గుంజరు.
ఏ ఇంట్లనైనా అది దానంతటదే తెగుతది.

నక్కలగుట్ట అపార్టుమెంటు సారుకు
మీటింగు నడిమిట్ల ఆగిపోయింది.
నెలకు ఆరొందలు కడుతున్న అంటడు,
ఆ ఆరొందలు నా జేబుల ఏసినట్టు.
లేబర్ కాలనీల షాహీన్ మెల్లగ అడిగింది,
రాత్రికల్ల అయితదా భయ్యా,
పరీక్ష ఫీజుకు ఇయ్యాలే ఆఖరు.
ముందు ఎవరింటికి పోయిన్నో
ఆఫీసుల చెప్పలేదు.

కొత్తవాడల తెంపింది కోతి.
మొన్న కాశిబుగ్గల తెంపిందీ ఇదే కావచ్చు,
సగం తోక చూసి గుర్తుపట్టిన.
కరెంటుతీగె ఏదో మా తీగె ఏదో
దానికి ఎరికైపోయింది.
షాక్ కొట్టనిదల్ల తినేదేనని దాని లెక్క.

స్తంభానికి నిచ్చెనేసి ఎక్కితె
గోవిందరాజుల గుట్ట ఓ పక్క,
మిద్దెల మీద ఆరేసిన ఎర్రనూలు, నీలినూలు ఓ పక్క.
కింద ఎక్కడో ఒక్క మగ్గం సప్పుడు.
నా చిన్నప్పుడు గల్లీ అంత గదే సప్పుడుండె,
దాని మీదనే నిద్రపోయేది మేము,
అది ఆగితె లేసి కూసునేది.

నల్లతోలు ఒలిస్తె లోపల గాజుపోగు.
స్పిరిటు గుడ్డతోని తుడిచి
టక్కున కొస కోసి
మిషన్ల రెండు కొసలు ఎదురెదురు పెడితె
తెర మీద దూలాలంత కనవడుతయి.
జెర వంకరున్నా ఒప్పుకోదు, మళ్ల కొయ్యమంటది.
ఒప్పుకుంటె ఒక మెరుపు.
అతుకుల ఎంత వెలుతురు పోయిందో కూడ చెప్తది:
సున్న పాయింటు సున్న రెండు.

నాయన పోగు తెగితె
నాలికెకు తాకిచ్చి రెండేళ్లతోని మెలేస్తుండె.
అండ్ల ఎంత పోయిందో
ఏ తెరా చెప్పలేదు.

నేనింక నిచ్చెన దిగనే లేదు
రేషన్‌షాపు వీరస్వామి ఒర్రుతున్నడు,
"నెట్టొచ్చింది! రాండ్రి!"
సిమ్ము అందదని మా వైఫై మీదనే నడుపుతడు మిషన్ను.
పొద్దటిసంది లైన్ల నిలవడ్డ చెప్పులు, సంచులు,
ఒక ఇటుకపెళ్ల, ఒక విరిగిన కుర్చీ,
వాటి మనుషులు ఒక్కొక్కరే ఉరికొచ్చి
వాటి జాగల నిలవడ్డరు.

ఇటుకపెళ్ల ఐలవ్వది.
బొటనవేలు పెట్టింది. సరిపోలలేదు.
కొంగుకు తుడిచి పెట్టింది. సరిపోలలేదు.
ఏడేండ్ల పిల్లప్పటిసంది కండెలు చుట్టిన వేలది,
గీతలన్ని నూలుకే అంటుకపోయినయి.
చూపుడువేలు గంతే. నడిమివేలు గంతే.
ఫోనుకు నంబరొస్తది చెప్పుమంటె
ఆ ఫోను నిరుడు పోయిన ముసలాయనది,
ఆయన తోటే బందయింది.

"నెట్టున్నది గాని అవ్వా,"
వీరస్వామి మిషన్ దిక్కే చూసుకుంట అన్నడు,
"నువ్వే లేవు."

లైన్ల ఎవరో నవ్విన్రు.
ఐలవ్వ నా దిక్కు మళ్లింది.
"తీగెలు అతికెటోనివి గదరా,
జెర నా ఏలుకు అతుకెయ్యి."

నా దగ్గర ఇంకేమున్నది.
గాజుపోగు తుడిచిన స్పిరిటు గుడ్డతోనే
పదేళ్లూ ఒక్కొక్కటి తుడిచిన.
సల్లగున్నదిరా అన్నది.
కుడిచెయ్యి అయిపోయింది. ఎడమచెయ్యి సురువాయె.
ఎనుక నిలవడ్డోళ్లు ఊపిరిడుస్తున్నరు.

ఆఖరుకు చిటికెనవేలు పలికింది,
నూలుకు దూరంగ ఎప్పుడూ గాల్లనే నిలవడ్డ వేలు.
మిషన్ ఆమె పేరు సదివింది పెద్దగ,
ఇంటిపేరుతోని సహా.

బియ్యం సంచి మూతి ముడేసి
ఆ వేలును కొంగుల చుట్టుకున్నది ఐలవ్వ
దెబ్బ తాకిన పిల్లను చుట్టినట్టు.
"దీనితోని ఇంక బోళ్లు గూడ తోమ నేను.
నెలనెల ఇది కావాలె గద."

జేబుల ఫోను మోగుతున్నది.
గుట్ట మీది కోతి
నేను నిచ్చెన మడిచేదాక ఆగింది.